కప్లర్ దగ్గర తెగిన వైరు: ఒక పని పాఠం



ఇలాంటి సంచికల్లో విద్య గురించి రాసేటప్పుడు డాక్టర్లయిన పిల్లలను, ఇంజనీర్లయిన పిల్లలను తలచుకోవడం మనకు ఆనవాయితీ. అది సంతోషించవలసిన విషయమే. కానీ పదో తరగతితో చదువు ఆగిపోయిన పిల్లలు కూడా మన ఇళ్లలోనే ఉన్నారు. వారిలో చాలామంది చేరే చోటు మోటారు షెడ్డు. విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లినా, హైదరాబాద్ పాతబస్తీ సందుల్లో తిరిగినా, చిన్న పట్టణంలో బస్టాండు వెనుక వీధి చూసినా, బానెట్ కింద తల పెట్టి పనిచేస్తున్న మన అబ్బాయి ఒకడు కనిపిస్తాడు. ముస్లింలలో జీతం ఉద్యోగాల కంటే స్వయం ఉపాధి మీద బతికేవారి వాటా ఎక్కువని 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక కూడా చూపించింది. అంటే ఈ అబ్బాయి చేతి పని ఎంత బాగుంటే ఆ ఇల్లు అంత బాగుంటుంది.

ఆ చేతి పనిని మెరుగుపరచడానికి చదువుకున్నవాళ్లం ఏం చేయగలమన్నది ఈ వ్యాసం విషయం. గాలిలో మాట్లాడకుండా ఒక్క చిన్న పనిని తీసుకుని, దాన్ని పాఠంగా ఎలా చెప్పవచ్చో చూపిస్తాను. ఆ పని ఇది: కారు హెడ్‌లైటు వెనుక కనెక్టర్ దగ్గర తెగిపోయిన వైరును బాగుచేయడం. కనెక్టర్‌ను షెడ్డులో కప్లర్ అంటారు. ఇక మీదట నేనూ ఆ మాటే వాడతాను.

ఎదురుగా ఉన్న వస్తువు

మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి హెచ్4 రకం హెడ్‌లైటు బల్బు ఉంటుంది. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు. హై బీమ్‌కు 60 వాట్లు, లో బీమ్‌కు 55 వాట్లు. బల్బు వెనుక మూడు రేకులుంటాయి. వాటికి మూడు వైర్లున్న కప్లర్ తొడుగుతారు. రెండు వైర్లు ఒక్కో ఫిలమెంటుకు, మూడోది రెండింటికీ ఉమ్మడి.

ఆ కప్లర్‌ను విప్పి పిల్లల చేతికిస్తే వాళ్లకు మూడు భాగాలు కనిపించాలి. పైన కనిపించేది ప్లాస్టిక్ గుల్ల. లోపల ఉండేవి రాగి లేదా ఇత్తడి పిన్నులు, వాటినే టెర్మినల్ అంటారు. పిన్ను వీపున చిన్న నాలుక లాంటి రేకు ఉంటుంది. పిన్ను గుల్లలోకి వెళ్లగానే అది టక్కున విచ్చుకుని వెనక్కి రాకుండా పట్టుకుంటుంది. ఇక వైరును పట్టుకునే చోట పిన్నుకు రెండు జతల రెక్కలుంటాయి. ముందు జత రాగి పోగులను బిగిస్తుంది. వెనుక జత వైరు మీది ప్లాస్టిక్ తొడుగును పట్టుకుంటుంది. కరెంటు వెళ్లేది ముందు జత గుండా. వెనుక జత గుండా కరెంటు వెళ్లదు, కానీ వైరును లాగినా ఊపినా ఆ బరువును రాగి పోగుల మీద పడనివ్వకుండా మోసేది అదే. ఈ రెండు రెక్కల తేడా అర్థమైతే సగం పాఠం అర్థమైనట్టే.

వైరు సరిగ్గా అక్కడే ఎందుకు తెగుతుంది

ఇది పిల్లలను అడగవలసిన మొదటి ప్రశ్న. వైరు మీటర్ల పొడవుంటుంది కదా, కప్లర్ మూతి దగ్గరే ఎందుకు తెగుతుంది? జవాబు మనం చెప్పకుండా ఒక ప్రయోగం చేయించాలి. ఒక రాగి తీగ చివరను ప్లేయర్‌తో గట్టిగా పట్టుకుని, మిగతా తీగను అటూ ఇటూ పదేపదే వంచమనాలి. తీగ ఎప్పుడూ ప్లేయర్ అంచు దగ్గరే తెగుతుంది. కదలని భాగం ముగిసి కదిలే భాగం మొదలయ్యే చోట వంపు అంతా పోగవుతుంది. పదేపదే వంగిన రాగి గట్టిపడి, పెళుసుబారి విరుగుతుంది. పిన్ను రెక్కలు ప్లేయర్ లాంటివి. ఇంజను అదురు, రోడ్డు గుంతలు, బల్బు మార్చినప్పుడల్లా కప్లర్‌ను వైరు పట్టుకుని లాగడం, ఇవన్నీ ఆ ఒక్క చోట పడతాయి.

దీనికి మరికొన్ని కారణాలు తోడవుతాయి. తేమ లోపలికి చేరితే రాగి పచ్చగా చిలుము పడుతుంది. సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలికి ఇది తొందరగా వస్తుంది. పిన్ను వదులైతే వేడెక్కి, పక్కన ప్లాస్టిక్ మాడి, వైరు తొడుగు పెంకులా పగులుతుంది. చాలా రోజులు కదలకుండా ఉన్న కారులో ఎలుకలు వైర్లు కొరుకుతాయి. కాబట్టి తెగిన చివరను చూడగానే కలిపేయకూడదు. రాగి మెరుస్తూ ఉంటే అది వంపుకు తెగింది. పచ్చగా ఉంటే నీరు తగిలింది. నల్లగా ఉంటే కాలింది. కారణాన్ని వదిలేసి వైరు మాత్రం కలిపితే అదే కారు కొద్ది నెలల్లో మళ్లీ షెడ్డుకు వస్తుంది.

మెలితిప్పి టేపు చుడితే ఏమవుతుంది

ఎక్కువ షెడ్లలో జరిగేది మనకు తెలిసిందే. పళ్లతోనో బ్లేడుతోనో తొడుగు గీకి, రెండు చివరలు మెలితిప్పి, నల్ల టేపు రెండు చుట్లు చుడతారు. లైటు వెలుగుతుంది. కారు ఆయన డబ్బులిచ్చి వెళ్లిపోతాడు. మరి తప్పేముంది?

ఇక్కడే పదో తరగతి భౌతిక శాస్త్రం పనికొస్తుంది. మన పిల్లలు ఓమ్ నియమాన్ని పరీక్ష కోసం కంఠస్థం చేసి, షెడ్డు గడప బయట వదిలేస్తారు. దాన్ని లోపలికి తీసుకురావాలి.

హై బీమ్ ఫిలమెంటు 60 వాట్లు, బ్యాటరీ 12 వోల్టులు. 60ని 12తో భాగిస్తే 5 ఆంపియర్లు. అంటే ఫిలమెంటు నిరోధం 2.4 ఓములు. ఇప్పుడు మెలితిప్పిన అతుకు కొన్నాళ్లకు వదులై, చిలుము పట్టి, దాని నిరోధం అర ఓము అయిందనుకుందాం. అది ఫిలమెంటుతో శ్రేణిలో ఉంది కాబట్టి మొత్తం నిరోధం 2.9 ఓములు. కరెంటు 5 నుంచి దాదాపు 4.1 ఆంపియర్లకు తగ్గుతుంది. అతుకు దగ్గరే సుమారు 2 వోల్టులు పోతాయి. బల్బుకు అందేది 10 వోల్టులే. ఫిలమెంటు నిరోధం వేడిని బట్టి కొంత మారుతుంది కాబట్టి ఇవి సుమారు లెక్కలే, కానీ విషయం మారదు. వోల్టేజి తగ్గినదానికంటే వెలుతురు ఎక్కువ వేగంగా తగ్గుతుంది. వోల్టేజిలో ఆరో వంతు పోతే వెలుతురు దాదాపు సగానికి పడిపోతుంది. రాత్రి రోడ్డు మీద నడిచి వెళ్తున్న మనిషి డ్రైవరుకు కనిపించవలసిన దూరంలో కనిపించడు.

పోయిన ఆ 2 వోల్టులు ఎక్కడికి పోయాయి? వేడిగా మారాయి. 2 వోల్టులను 4.1 ఆంపియర్లతో గుణిస్తే సుమారు 8 వాట్లు. సాధారణ సాల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుంది. దానిలో మూడో వంతు వేడి టేపు చుట్టలో దాక్కుని ఉందన్నమాట. జిగురు కరుగుతుంది, టేపు జారుతుంది, పక్క వైరు తొడుగు మెత్తబడుతుంది.

ఇప్పుడు పిల్లలను రెండో ప్రశ్న అడగాలి. ఇంత వేడి పుడుతుంటే ఫ్యూజు ఎందుకు కాలిపోదు? చాలామంది తడబడతారు. ఫ్యూజు కాలేది కరెంటు పెరిగినప్పుడు. ఇక్కడ కరెంటు పెరగలేదు, తగ్గింది. చెడ్డ అతుకును ఫ్యూజు పట్టుకోలేదు. అతుకు వేసినవాడి చేతి పని తప్ప దానికి వేరే కాపలా లేదు. ఈ ఒక్క మాట అబ్బాయి మనసులో నిలిస్తే పాఠం ఫలించినట్టే.

పని చేసే తీరు

ముందుగా తాళం తీసి, బ్యాటరీ మైనస్ కొసను విప్పాలి. మైనస్ ఎందుకు ముందు? ప్లస్ విప్పేటప్పుడు పానా కారు బాడీకి తగిలితే షార్ట్ అయి నిప్పులు చిమ్ముతాయి. మైనస్ ముందే తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది. తిరిగి బిగించేటప్పుడు మైనస్ చివర.

రెండోది, కప్లర్‌ను ఊడదీయక ముందే ఫోనుతో ఫోటో తీయాలి. ఏ రంగు వైరు ఏ గదిలో ఉందో అందులో ఉండాలి. నల్లది ఎర్త్ అయి తీరుతుందని అనుకోకూడదు. కొన్ని కార్లలో ఉమ్మడి వైరు ఎర్త్, కొన్నింటిలో అదే ప్లస్. కప్లర్‌ను తీసేటప్పుడు పట్టుకోవలసింది గుల్లను, వైరును కాదు.

మూడోది, పిన్నును బయటికి తీయడం. గుల్లలో రెండో తాళం ఉంటే దాన్ని ముందు జరపాలి. తర్వాత సన్నని పిన్ను ఎక్స్‌ట్రాక్టర్‌తో నాలుక రేకును నొక్కితే పిన్ను మెల్లగా వెనక్కి వస్తుంది. బలం పెట్టవలసిన పని కాదు. రావడం లేదంటే తాళం ఇంకా పట్టుకుని ఉందని అర్థం. ప్లేయర్‌తో లాగితే గుల్ల విరుగుతుంది, ఆ తర్వాత కొత్త కప్లర్ తప్ప దారి లేదు.

నాలుగోది, పాత పిన్ను రెక్కలు తెరిచి మళ్లీ వాడకూడదు. ఒకసారి వంగిన రెక్క రెండోసారి వంగితే పగులుతుంది. అదే రకం కొత్త పిన్ను తేవాలి. గుల్ల మాడిపోయి ఉంటే, జానెడు వైర్లతో సహా వచ్చే కొత్త కప్లర్ దొరుకుతుంది. అది వేసేటప్పుడు మూడు అతుకులూ ఒకే వరుసలో రాకుండా ఒకదాని కంటే ఒకటి వెనగ్గా వేయాలి. అప్పుడు కట్ట ఒకచోట లావెక్కదు, ఒక అతుకు తొడుగు పోయినా పక్కదానికి తగలదు.

ఐదోది, వైరు. తెగిన చివర పచ్చగానో నల్లగానో ఉంటే మెరిసే రాగి వచ్చేవరకు కోసుకుంటూ వెళ్లాలి. దానివల్ల వైరు పొట్టిదైతే బిగువుగా లాగి కలపకూడదు. అదే లావు వైరు ముక్క కలుపుకోవాలి. లావు చూడవలసింది తొడుగును బట్టి కాదు, రాగిని బట్టి. ఉదాహరణకు 0.2 మిల్లీమీటర్ల పోగులు 32 ఉంటే అది 1 చదరపు మిల్లీమీటరు వైరు. సన్న వైరు వేస్తే అది వేడెక్కుతుంది.

ఆరోది, తొడుగు తీయడం. దీనికి స్ట్రిప్పర్ వాడాలి. పిన్నును బట్టి సాధారణంగా 5, 6 మిల్లీమీటర్లు తీస్తే చాలు. బ్లేడుతో గీకితే నాలుగు పోగులైనా తెగుతాయి. 32లో నాలుగు పోతే ఎనిమిదో వంతు వైరు పోయినట్టు. పిల్లలకు ఈ లెక్క వాళ్ల చేతనే చేయించాలి.

ఏడోది, బిగింపు. షెడ్డులో దీన్ని క్రింపింగ్ అంటారు. ప్లేయర్‌తో నొక్కితే రెక్కలు చదునవుతాయే కానీ పోగులను చుట్టి పట్టవు. క్రింపింగ్ ప్లేయర్ దవడల్లో అచ్చు ఉంటుంది. అది రెండు రెక్కలను లోపలికి మడిచి, పోగుల మధ్యకు దింపుతుంది. సరిగ్గా నొక్కితే పోగుల మధ్య గాలికి కూడా చోటుండదు, అందుకే చిలుము లోపలికి పోదు. ముందు రెక్కలు రాగి మీద మాత్రమే ఉండాలి, వెనుక రెక్కలు తొడుగు మీద మాత్రమే. ముందు రెక్క కింద తొడుగు ఇరుక్కుంటే కరెంటుకు దారి తగ్గుతుంది. వెనుక రెక్క తొడుగును పట్టుకోకపోతే మొదట్లో చెప్పిన బరువంతా రాగి పోగుల మీదే పడుతుంది. నీరు చొరని రకం కప్లర్ అయితే రబ్బరు సీలు ముందే వైరుకు ఎక్కించి, ఆ తర్వాతే పిన్ను బిగించాలి.

ఎనిమిదోది, చేత్తో లాగి చూడటం. గట్టిగా లాగినా వైరు కదలకూడదు. ఇక్కడ ఊడివస్తే నష్టం ఒక పిన్ను. రోడ్డు మీద ఊడితే నష్టం లెక్క కట్టలేం. తర్వాత పిన్నును గుల్లలోకి తోస్తే టక్కుమని వినిపించాలి. మళ్లీ వెనక్కి కొద్దిగా లాగి, పట్టుకుందో లేదో చూడాలి.

మధ్యలో వైరుకు వైరు అతకవలసి వస్తే సాల్డరింగ్ మంచిదా, క్రింపింగ్ మంచిదా అని పిల్లలు తప్పక అడుగుతారు. సాల్డర్ చేసిన చోట కరెంటు బాగా వెళ్తుంది. కానీ కరిగిన తగరం పోగుల మధ్యగా పాకి ఆ ముక్కను కడ్డీలా గట్టిపరుస్తుంది. అదురుకు ఆ కడ్డీ అంచు దగ్గర వైరు మళ్లీ తెగవచ్చు. మొదట్లో చేసిన ప్లేయర్ ప్రయోగమే ఇది. అందుకే అతుకు ఊగని చోట ఉండేలా కట్టి, ఆసరా ఇవ్వాలి. ఏ పద్ధతి అయినా పైన జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేయాలి. వైర్లు కలిపాక స్లీవ్ ఎక్కదు కాబట్టి ముందే ఒక వైరుకు తొడిగి పెట్టుకోవాలి. చివరగా వైరుకు కొంచెం వదులు ఇచ్చి, వేడి భాగాలకు, కదిలే భాగాలకు తగలకుండా క్లిప్పు వేయాలి.

బీప్ వినపడితే సరిపోదు

మల్టీమీటరులో కంటిన్యూటీ పరీక్ష అందరికీ ఇష్టం. బీప్‌మంటే బాగున్నట్టు అనుకుంటారు. కానీ చాలా మీటర్లు కొన్ని ఓముల నిరోధం ఉన్నా బీప్‌మంటాయి. మనం లెక్క వేసిన అర ఓము అతుకుకు కూడా బీప్ వస్తుంది. 32 పోగుల్లో ఒక్కటే మిగిలినా బీప్ వస్తుంది. రేపు వచ్చే గుంతలో ఆ ఒక్కటీ పోతుంది.

అతుకును పరీక్షించవలసింది పనిలో పెట్టి. బ్యాటరీ కలిపి, హై బీమ్ వేసి, మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక ముల్లును అతుకుకు ఇటు, ఇంకో ముల్లును అటు ఆనించాలి. మంచి అతుకు మీద వోల్టులో పదో వంతు కంటే తక్కువ చూపిస్తుంది. అర వోల్టో, ఒక వోల్టో చూపిస్తే విప్పి మళ్లీ చేయాలి. ముల్లు ఆనించడానికి వైరు తొడుగును గుచ్చకూడదు, ఆ రంధ్రం గుండా రేపు నీరు దిగుతుంది. కప్లర్ వెనుక నుంచి సన్నని పిన్నును లోపలికి జరిపి కొలవాలి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు పట్టదు. ఇది తెలిసిన అబ్బాయి కారు ఆయనకు అంకె చూపించి మాట్లాడగలడు.

చేయి పెట్టకూడని చోట్లు

ఏది చేయకూడదో చెప్పని పాఠం పూర్తి పాఠం కాదు. పసుపు రంగు కప్లర్లు, పసుపు తొడుగు వైర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగువి. వాటిని మీటరుతో కొలవడం కూడా ప్రమాదమే. నారింజ రంగు లావు కేబుళ్లు విద్యుత్ కార్లలో, హైబ్రిడ్ కార్లలో వందల వోల్టులవి. ప్రత్యేక శిక్షణ లేనివారు వాటి దగ్గరికే వెళ్లకూడదు. ఒకదానికొకటి పేనినట్టుండే జంట వైర్లు కనిపిస్తే అవి కంప్యూటర్ల మధ్య సమాచారం తీసుకెళ్లేవి కావచ్చు. ఆ పేనిక విప్పేసి అతికితే కారు మొరాయిస్తుంది. ఇక ఫ్యూజు విషయం. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఎరుపు మాటిమాటికీ కాలిపోతోందని నీలం వేయడం జబ్బును వదిలేసి జ్వరం కొలిచే గొట్టాన్ని పగలగొట్టడం లాంటిది. “ఇది నా పని కాదు సార్, కంపెనీ సర్వీసుకు తీసుకెళ్లండి” అని చెప్పగలగడం కూడా పనితనమే.

టేపు కింద అమానత్

మన ఇళ్లలో అమానత్ అనే మాట డబ్బు దాచిపెట్టడానికే ఎక్కువ వాడతాం. అప్పగించిన కారు కూడా అమానతే. కారు ఆయన బానెట్ మూసేశాక ఆ అతుకును ఎవరూ చూడరు. చేసిన అబ్బాయికి తెలుసు, అల్లాహ్‌కు తెలుసు. నిజాయితీ గురించి అబ్బాయిలకు వేరే ప్రసంగం చేయనవసరం లేదు. ముందు రెక్క రాగి మీద, వెనుక రెక్క తొడుగు మీద పడేలా బిగించడం ఓపిగ్గా నేర్పితే నిజాయితీ ఆ చేతి అలవాటులోకే వస్తుంది. హలాల్ సంపాదన అంటే పుచ్చుకున్న డబ్బుకు తగిన పని చేయడం కూడా కదా.

అయితే ఇందులో మన వంతు కూడా ఉంది. మనలో చాలామంది కార్లున్నవాళ్లమే. “ఒక వైరు కలపడానికి ఇంతా?” అని బేరమాడేది మనమే. కొత్త పిన్నుకు, స్లీవ్‌కు, అరగంట సమయానికి డబ్బు ఇవ్వకపోతే ఆ ఉస్తాద్ టేపు తప్ప ఏం వేయగలడు? టేపు అతుకు కొంతవరకు మనం అడిగి చేయించుకున్నదే. ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు, “భాయ్, పిన్ను మార్చి క్రింప్ చేయండి, వోల్టేజి డ్రాప్ చూపించండి, ఎంతవుతుందో చెప్పండి” అని అడిగి చూడండి. అడిగేవాళ్లుంటే నేర్చుకునేవాళ్లు పెరుగుతారు.

దాతలు చేయగలిగింది

ఈ పాఠానికి భవనం అక్కరలేదు. ఒక గది, ఒక పాత బ్యాటరీ, పాత హెడ్‌లైటు, తీసిపారేసిన వైరింగు కట్ట, ఇవి చాలు. పాత వైరింగు కట్టలు ఏ తుక్కు దుకాణంలోనైనా దొరుకుతాయి. ఒక్కో అబ్బాయికి కావలసిన పనిముట్లు ఐదే: క్రింపింగ్ ప్లేయర్, స్ట్రిప్పర్, పిన్ను ఎక్స్‌ట్రాక్టర్లు, డిజిటల్ మల్టీమీటరు, హీట్ గన్. వీటికి పిన్నుల పెట్టె, స్లీవ్‌లు తోడు. ఇవన్నీ కలిపి ఒక మామూలు సెల్‌ఫోను ధరలో వస్తాయి.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చూసుకోవాలి. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖ్హ్‌లో జకాత్ చెల్లాలంటే అర్హుడిని ఆ సొమ్ముకో వస్తువుకో యజమానిని చేయాలి. దీన్ని తమ్లీక్ అంటారు. కాబట్టి జకాత్ సొమ్ముతో కొన్న పనిముట్ల పెట్టెను అర్హుడైన అబ్బాయికి సొంతంగా ఇచ్చేయాలి. సంస్థ గదిలో అందరూ వాడుకునే ఉమ్మడి సామాను కొనడానికి సదఖా, విరాళాల సొమ్ము వాడాలి. ఏ పెట్టె ఏ ఖాతాలోదో ఉలమాను అడిగి ముందే రాసి పెట్టుకుంటే తర్వాత సందేహాలుండవు.

రెండోది, బోధించేవారు. షెడ్డు ఉస్తాద్‌కు చేయి తెలుసు. సైన్సు టీచరుకు కారణం తెలుసు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే పాఠం నిండుగా ఉంటుంది. ఉస్తాద్ ఒక రోజు పని మానుకుని వస్తే ఆ రోజు కూలి ఇవ్వడం దాతల పని. ఉచితంగా రమ్మంటే రెండోసారి రాడు, అందులో తప్పు కూడా లేదు.

మూడోది, ముందు దారి. పద్నాలుగేళ్ల లోపు పిల్లవాడి చోటు బడే, షెడ్డు కాదు. ఈ పాఠం అతని కోసం కాదు. పదో తరగతి పాసై ఆగిపోయిన అబ్బాయిని ఐటీఐలో మోటారు వాహన మెకానిక్ ట్రేడులో చేర్పించవచ్చు. అది రెండేళ్ల చదువు. అప్పటికే షెడ్డులో ఏళ్లు గడిపి సర్టిఫికెట్ లేనివారికి, ముందే నేర్చిన పనిని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఆర్‌పీఎల్ అనే పద్ధతి ప్రభుత్వ నైపుణ్య పథకాల్లో ఉంది. దరఖాస్తు నింపడానికి, ఆధార్ సరిచూడటానికి, పరీక్ష చోటికి తీసుకెళ్లడానికి ఒక మనిషి తోడుంటే చాలు, చాలామంది దాన్ని అందుకోగలరు. డబ్బు ఇవ్వలేని దాత ఆ తోడు ఇవ్వవచ్చు.

కార్లు మారుతున్నాయి. పెట్రోలు ఇంజను పని తగ్గి, వైర్లు, సెన్సార్లు, కప్లర్ల పని పెరుగుతోంది. టేపు చుట్టడం మాత్రమే తెలిసిన అబ్బాయికి ఆ షెడ్డులో చోటు ఏటేటా తగ్గుతుంది. వోల్టేజి డ్రాప్ కొలవడం తెలిసిన అబ్బాయికి చోటు పెరుగుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న దూరం ఒక పనిముట్ల పెట్టె, కొన్ని ఆదివారాల పాఠాలు. వచ్చే రమజాన్‌లో జకాత్ లెక్క కట్టుకునేటప్పుడు, స్కాలర్‌షిప్పుల పక్కన ఒక పెట్టెకు కూడా చోటివ్వమని పెద్దలను కోరుతున్నాను. అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.